పాత రోడ్డు చెత్త కాదు, ఊరి ఆస్తి

వానలు వెనకబట్టాయి. పత్తి తీతలు మొదలయ్యాయి. మిరప తోటలు పూత మీదున్నాయి. ఇక నుంచి ఎండాకాలం దాకా రోడ్ల పనుల కాలం. టెండర్లు పిలుస్తారు, దారి పక్కన కంకర కుప్పలు దిగుతాయి, రోలర్లు వస్తాయి. రోడ్డు బాగుపడాలని మనకంటే ఎక్కువగా కోరుకునేవాళ్లు ఎవరూ లేరు. గుంటల రోడ్డు మీద మిరప టిక్కీలు యార్డుకు చేర్చడానికి కిరాయి ఎంత అడుగుతున్నారో మనకు తెలుసు. పాల క్యాన్లు తీసుకెళ్లే పిల్లవాడు ఎన్నిసార్లు పడ్డాడో తెలుసు. పురిటి నొప్పులతో ఉన్న ఆడబిడ్డను ఆటోలో ఆ దారిన తీసుకెళ్లడం ఎలా ఉంటుందో కూడా తెలుసు.

అయితే ఈ నెల నేను మాట్లాడదలచుకున్నది కొత్త రోడ్డు గురించి కాదు. పాత రోడ్డు గురించి. అందులో ఉన్న రాయి, తారు ఏమవుతున్నాయి, ఎక్కడికి పోతున్నాయి అన్న లెక్క గురించి.

మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు వీధి అరుగు రోడ్డుకు రెండడుగుల ఎత్తున ఉండేది. చిన్నప్పుడు దాని మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చునేవాళ్లం. నాకు బుద్ధి తెలిసిన తర్వాత ఆ రోడ్డును నాలుగుసార్లు వేశారు. నాలుగుసార్లూ పాతదాని మీదే కంకర పరిచారు, దాని మీద తారు వేశారు. కంకర మూడంగుళాలు, తారు ముప్పావంగుళం. నాలుగుసార్లకు కలిపి రోడ్డు అడుగుంపావు పైకి లేచింది. ఇప్పుడు మా అరుగు మీద కూర్చుంటే కాళ్లు రోడ్డుకు తగులుతున్నాయి. మేము నయం. ఎదురింటివాళ్ల గడప రోడ్డుకంటే కిందికి పోయింది. పెద్ద వాన పడితే సైడు కాలువ నీళ్లు వాళ్ల వంటింట్లోకి వస్తాయి. రోడ్డు వేసిన ప్రతిసారీ వాళ్లు గడప ముందు ఒక వరస ఇటుకలు కట్టుకోవడమే.

పొలాల దగ్గరా ఇదే కథ. రోడ్డు లేచింది, చేలు కిందనే ఉన్నాయి. తూములు మాత్రం పాతికేళ్ల కిందట వేసినవే. రోడ్డు చెరువు కట్టలా అడ్డం పడి ఎగువ చేలల్లో నీళ్లు నిలుస్తున్నాయి. మా నల్లరేగడిలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే మిరప మొక్క తల వాల్చేస్తుంది. నిండు ట్రక్కుతో చేలోంచి రోడ్డెక్కాలంటే ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేస్తున్నాయి.

కిందటిసారి పని జరిగినప్పుడు అర కిలోమీటరు మేర పాత రోడ్డును పెళ్లగించారు. ఈసారైనా బుద్ధొచ్చిందని సంతోషించాం. తెల్లవారి చూస్తే ఆ తారు పెళ్లలన్నీ పంట బోదెలో ఉన్నాయి. రాత్రికి రాత్రి ట్రాక్టర్లతో తోలి పోసేశారు. ఆ బోదె కింద నలభై ఎకరాలుంది. పదిమందిమి పలుగులూ పారలూ పట్టుకుని రెండు రోజులు తీస్తేగాని నీళ్లు కదలలేదు. కాంట్రాక్టరును అడిగితే, "అది చెత్తండీ, ఎక్కడో ఒకచోట పొయ్యాలి గదా" అన్నాడు. అదే వారం అదే పనికి కొండ క్వారీ నుంచి కొత్త కంకర తోలించాడు.

ఆయన మాట నన్ను వదల్లేదు. అది నిజంగా చెత్తేనా?

రోడ్డులో ఏముంది?

ప్లాంటులో కలిపి తెచ్చే తారు మిశ్రమం నూరు కిలోలు తీసుకుంటే అందులో దాదాపు 95 కిలోలు రాయే. తారు 5 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. రాయి పదేళ్లలో పాడయ్యే వస్తువు కాదు. కొండలో కోట్ల ఏళ్లు ఉన్నది, రోడ్డులో పదేళ్లుంటే ముసలిదైపోదు. తారు మాత్రం ఎండకూ గాలికీ గట్టిపడి పెళుసుబారుతుంది. కానీ అది ఎక్కడికీ పోదు. మళ్లీ వేడిచేసి, కొంత కొత్త తారు కలిపితే తిరిగి పట్టు వస్తుంది. పాత బెల్లం పాకం గడ్డకట్టిందని పారేస్తామా? కొంచెం నీళ్లు పోసి పొయ్యి మీద పెడతాం. ఇదీ అంతే.

మన ఊరి రోడ్డుకు లెక్క వేసి చూద్దాం. వెడల్పు 3.75 మీటర్లు, పొడవు కిలోమీటరు. పైన 20 మిల్లీమీటర్ల తారు పొర, దాని కింద మూడు వరసల కంకర, మొత్తం 225 మిల్లీమీటర్లు. తారు పొర 75 ఘనపు మీటర్లు. కింద కంకర దాదాపు 844 ఘనపు మీటర్లు. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు ట్రక్కుతో కొలిస్తే ఆ కంకర ఒక్కటే దాదాపు 300 ట్రక్కులు. ఒక్క కిలోమీటరుకు ఇంత రాయి మన కాళ్ల కింద ఉంది. దీన్ని పూడ్చిపెట్టి, దాని మీద పొయ్యడానికి మళ్లీ కొండ తవ్వుతున్నాం.

ఆ కొండ కూడా మన పక్కదే. క్రషర్ చుట్టుపక్కల చేలున్న రైతును అడగండి. పూత మీద తెల్లటి దుమ్ము, విచ్చుకున్న పత్తి మీద దుమ్ము, గడ్డి మీద దుమ్ము, ఆ గడ్డి తిన్న గేదె పొట్టలోనూ దుమ్మే. రాయి తోలే టిప్పర్లు అధిక బరువుతో తిరిగి ఇంకో ఊరి రోడ్డును నాశనం చేస్తాయి. మా ఊరికి రోడ్డు వెయ్యడానికి పక్క ఊరి రోడ్డు పోతోంది. వచ్చే ఏడు వాళ్ల రోడ్డుకు మన ఊరి మీదుగా టిప్పర్లు తిరుగుతాయి.

ఇక తారు. అది ముడి చమురు శుద్ధి చేసినప్పుడు అడుగున మిగిలేది. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి నుంచే తెచ్చుకుంటున్నాం. తయారైన తారు కూడా ఓడల్లో దిగుమతి అవుతోంది. ఎరువుల ధర, డీజిలు ధర లాగే తారు ధర కూడా మన చేతిలో లేదు. ధర పెరిగితే ఏమవుతుంది? ఊరి రోడ్డు టెండరు ఎవరూ వెయ్యరు, లేదా పొర పలచబడుతుంది.

ఇది కొత్త విద్య కాదు

జపాన్‌లో కొత్తగా కలిపే తారు మిశ్రమంలో దాదాపు సగం పాత రోడ్ల నుంచి తీసిందే. అమెరికాలో ప్రతి వంద టన్నుల కొత్త మిశ్రమంలో ఇరవై టన్నులకు పైగా పాతదే ఉంటుంది. డబ్బున్న దేశాలే పాత రోడ్డును పారేసుకోవడం లేదు. మనమే అంత షావుకార్లమా?

మన దేశంలోనూ నిబంధనలు లేకపోలేదు. రోడ్ల కొలతలు, పద్ధతులు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాత తారు రోడ్లను తిరిగి వాడే పద్ధతి మీద 2015లోనే ఐఆర్‌సీ 120 అనే పుస్తకం వేసింది. మిల్లింగ్ యంత్రంతో పాత పొరను గీకి తీసి, ప్లాంటులో కొత్త రాయి, కొత్త తారు కలిపి మళ్లీ వెయ్యడం ఒక పద్ధతి. ఉన్నచోటే రోడ్డును తవ్వి పొడి చేసి తిరిగి గట్టిపరచడం ఇంకో పద్ధతి. దీన్ని ఇంజనీర్లు ఎఫ్‌డీఆర్ అంటారు. పెద్ద యంత్రం పాత తారునూ దాని కింది కంకరనూ కలిపి అడుగు లోతుకు దగ్గరగా పొడి చేస్తుంది. సిమెంటు, గట్టిపరిచే మందు, నీళ్లు కలిపి రోలర్ తిప్పుతారు. కొన్నాళ్లు తడి పెట్టి పైన పలచగా తారు వేస్తారు. కొండ నుంచి కొత్త రాయి బహు కొద్దిగా వస్తే చాలు. ఉత్తరప్రదేశ్‌లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశ కింద పల్లె రోడ్లను ఈ పద్ధతిలో పెద్ద ఎత్తున వేశారు. అక్కడి పల్లెకు పనికొచ్చింది ఇక్కడి పల్లెకు ఎందుకు పనికిరాదు?

ఒక సంగతి ఒప్పుకోవాలి. జాతీయ రహదారి మీద తారు పొరలు మందంగా ఉంటాయి, గీకితే చాలా వస్తుంది. మన పల్లె రోడ్డు మీద తారు ముప్పావంగుళమే. కాబట్టి మన రోడ్డులో అసలు సొత్తు తారు కాదు, దాని కింది రాయి. మన ఊళ్లకు ఎక్కువగా సరిపడేది ఉన్నచోటే తిరిగి కట్టే పద్ధతి. మందం పొరలున్న మండల రోడ్లకు, జిల్లా రోడ్లకు మిల్లింగ్ సరిపోతుంది.

ప్లాస్టిక్ రోడ్ల సంగతి

తారు రోడ్డులో తిరిగి వాడుతున్న ఇంకో వస్తువు ప్లాస్టిక్. ఇది మన పక్క రాష్ట్రంలో పుట్టిన పద్ధతి. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ దీన్ని కనిపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. చెన్నైలోని జంబులింగం వీధిలో 2002లోనే ఇలాంటి రోడ్డు వేశారు. క్యారీ బ్యాగుల్లాంటి ప్లాస్టిక్‌ను చిన్న ముక్కలు చేసి, 160 - 170 డిగ్రీలకు వేడిచేసిన కంకర మీద చల్లితే అది కరిగి రాయికి పూతలా అంటుకుంటుంది. తర్వాత తారు కలుపుతారు. పూత పట్టిన రాయిలోకి నీరు తొందరగా దిగదు, తారు గట్టిగా పట్టుకుంటుంది. మన రోడ్లు పాడయ్యేది ముఖ్యంగా నీటివల్లే కాబట్టి ఇది మనకు పనికొచ్చే గుణమే.

2013లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి నిబంధనలు రాసింది. తారు బరువులో నూటికి 6 నుంచి 8 పాళ్లు ప్లాస్టిక్ వాడవచ్చు. కిలోమీటరు పల్లె రోడ్డుకు పట్టే సుమారు 10 టన్నుల తారు లెక్కన 600 నుంచి 800 కిలోలు. 2015 నవంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ, 5 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకు 50 కిలోమీటర్ల లోపు జాతీయ రహదారుల తారు పనుల్లో వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని చెప్పింది.

ఇక్కడ మన మాట కూడా ఒకటుంది. ప్లాస్టిక్ చెత్త పట్నంవాళ్లదే అనుకుంటాం. మన పొలం గట్లు చూడండి. మల్చింగ్ షీట్లు, డ్రిప్ లేటరల్ పైపులు, ఎరువుల సంచులు, నారు ట్రేలు. పంటైపోగానే మల్చింగ్ షీటు పీకి కుప్పేసి అంటిస్తున్నాం. ఆ పొగ మన పిల్లలే పీలుస్తున్నారు. పీకకుండా దున్నిన షీటు ముక్కలై మన మట్టిలోనే ఉంటోంది. ఇదంతా రోడ్డులో కలిపేయవచ్చు కదా అని మన సమావేశంలో ఒక తమ్ముడు అడిగాడు. ఆశ మంచిదే, కానీ ఉన్నదున్నట్టు చెప్పాలి. నిబంధనల ప్రకారం నల్ల ప్లాస్టిక్, పీవీసీ వాడకూడదు. మట్టి నూటికి ఒక పాలు మించకూడదు. మన షీటు లోపలివైపు నల్లన, పైగా మట్టి కొట్టుకుని ఉంటుంది. అది నేరుగా రోడ్డుకు పనికిరాదు. పురుగుమందు డబ్బాల మాటైతే ఎత్తకూడదు. కాబట్టి షీటు, పైపులు అమ్మిన కంపెనీలే వాటిని తిరిగి తీసుకోవాలని, మండలానికో సేకరణ కేంద్రం పెట్టాలని విడిగా అడుగుదాం. రోడ్డుకు పనికొచ్చేది రోడ్డుకు, మిగతాది దాని దారికి.

పీవీసీ ఎందుకు వద్దన్నారో కూడా తెలుసుకోవాలి. వేడిచేస్తే దాంట్లోంచి హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. ప్లాంటు దగ్గర పనిచేసేది మన కూలీలే, పక్కనున్నవి మన చేలే. ప్లాస్టిక్ రోడ్డు అని బోర్డు పెట్టి ఏది పడితే అది కాల్చే పని జరిగితే మొదట అడ్డుకోవాల్సింది మనమే.

గడ్డి నుంచి తారు

ఇంకో కొత్త కబురు మనకు దగ్గరిది. 2024 డిసెంబరులో నాగపూర్ - మాన్సర్ బైపాస్ దగ్గర, 44వ జాతీయ రహదారి మీద, పంట వ్యర్థాల నుంచి తీసిన లిగ్నిన్‌ను తారులో కలిపి వేసిన రోడ్డు ముక్కను ప్రారంభించారు. అదే 44వ రహదారి మన ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది. లిగ్నిన్ అంటే గడ్డికి, కట్టెకు గట్టిదనం ఇచ్చే పదార్థం. వరి గడ్డిని తగలబెట్టే బదులు రోడ్డుకు పనికొచ్చే తారుగా మార్చవచ్చన్నమాట. మంచిదే. అయితే గడ్డి మన దగ్గర పశువుల మేత. మేతకు పోగా మిగిలిందే ఫ్యాక్టరీకి పోవాలి. అది కూడా ఉచితంగా కాదు, రైతుకు కోత, కట్ట, రవాణా ఖర్చులు పోను ఏదైనా మిగిలేలా ధర కట్టి తీసుకోవాలి. చెరకు పిప్పి ఫ్యాక్టరీలకు కాసులు కురిపించినప్పుడు మన వాటా ఏమిటని అడగడానికి మనకు చాలా ఏళ్లు పట్టింది. ఈసారి ముందే అడుగుదాం.

పాతది అంటే నాసి అని కాదు

తిరిగి వాడటం పేరుతో మోసం కూడా జరగవచ్చు. గట్టిపడిన పాత తారును కొత్త తారుతో సరైన పాళ్లలో కలపకపోతే రోడ్డు తొందరగా పగులుతుంది. పాత పెళ్లలు జల్లెడ పట్టకుండా వేస్తే గతుకులు మిగులుతాయి. సిమెంటు తగ్గిస్తే ఎఫ్‌డీఆర్ రోడ్డు మొదటి వానకే జారిపోతుంది. పాత రాయి వాడి కొత్త రాయి బిల్లు రాసుకునే ఘనులూ ఉంటారు. కాబట్టి "రీసైకిల్ చెయ్యండి" అనడంతో మన పని అయిపోదు. ఎంత పాతది తీశారు, ఎంత కలిపారు, ఎంత కొత్తది తెచ్చారు, ఎంత తగ్గించి బిల్లు రాశారు అన్న నాలుగు ప్రశ్నలు వెంట ఉండాలి.

అధికారులు చెప్పే జవాబు నాకు తెలుసు. "చిన్న పనులండీ, రెండు కిలోమీటర్లకు అంత పెద్ద యంత్రం ఎవరు తెస్తారు?" అంటారు. నిజమే, రెండు కిలోమీటర్లకు రాదు. మండలంలో పది పనులు కలిపి ఒకే ప్యాకేజీగా పిలిస్తే వస్తుంది. వరి కోత యంత్రం ఒక ఎకరం కోసం రాదు. ఊరంతా కలిసి మాట్లాడుకుంటే పంజాబు నుంచి కూడా వస్తుంది కదా.

యంత్రం రాకపోయినా చేయగలిగిన పని ఒకటుంది. పెళ్లగించిన తారు పెళ్లల్ని పగలగొట్టి డొంక రోడ్ల మీద పరిచి రోలర్ తిప్పితే, ఎండకు అందులోని తారు మెత్తబడి తిరిగి పట్టుకుంటుంది. వానాకాలం మోకాలి లోతు బురదలో ఎరువు బస్తాలు మోసే డొంకలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. బోదెలో పోసిన ఆ ట్రక్కుల పెళ్లలు మా డొంక మీద పోసి ఉంటే ఈ ఏడు ఇరవై కుటుంబాలకు చేనికి దారి ఉండేది. అందుకే అది చెత్త కాదంటున్నాను.

మనం చేయాల్సినవి

ఈ నెలలో ప్రతి గ్రామ శాఖా ఈ విషయాన్ని గ్రామసభలో పెట్టాలి. మన డిమాండ్లు ఇవి:

1. ఇళ్ల మధ్య నుంచి పోయే రోడ్డు మట్టాన్ని ఇక ఒక్క అంగుళం కూడా పెంచకూడదు. పాత పొర తీసిన తర్వాతే కొత్తది వెయ్యాలి. పొలాల మధ్య రోడ్డు పెంచక తప్పకపోతే తూములు, చేలోకి దిగే ర్యాంపులు అదే ఎస్టిమేట్‌లో ఉండాలి.

2. తీసిన పాత రాయి, తారు ఊరి ఆస్తి. దాన్ని కొలిచి ఎం-బుక్‌లో రాయాలి. అదే పనిలో వాడాలి, లేదా ఆ ఊరి డొంక రోడ్లకు ఇవ్వాలి. ఏదీ కాకపోతే దాని విలువ బిల్లులో తగ్గించాలి.

3. పంట కాలువల్లో, బోదెల్లో, చెరువుల్లో, పొలం గట్ల మీద ఒక్క పెళ్ల కూడా పొయ్యకూడదు. పోస్తే కాంట్రాక్టరు ఖర్చుతోనే తీయించాలి.

4. మండలంలోని పనులను కలిపి, తిరిగి వాడే పద్ధతిలో టెండర్లు పిలవాలి. ఎందుకు వీలుకాదో ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పాలి.

5. ప్లాస్టిక్ కలిపితే ఏ రకం, ఎంత అన్నది బోర్డు మీద రాయాలి. ప్లాంటు దగ్గర కూలీలకు రక్షణ ఉండాలి.

ఇవి అడగడానికి మన చేతిలో ఆయుధాలున్నాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద కాగితాల నకళ్లు మాత్రమే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎస్టిమేట్ నకలు, ఎం-బుక్ నకలు అడగండి. గ్రామ సడక్ యోజన రోడ్డయితే ఐదేళ్ల పాటు లోపాలు సరిచేసే బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే. రోడ్డు పక్కన బోర్డు మీద తేదీ చూసి రాసుకోండి. పని మొదలయ్యే ముందు రోజు మీ గడప ఎత్తు రోడ్డు నుంచి టేపుతో కొలిచి ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. పని అయ్యాక మళ్లీ కొలవండి. ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

రైతు ఇంట్లో ఏదీ ఊరికే పోదు. పేడ ఎరువవుతుంది, ఊక పొయ్యికి పోతుంది, కందికంప దడి అవుతుంది, చిరిగిన గోతాం గొడ్డు కింద పరుపవుతుంది. ఇంత లెక్కగా బతికే మన ఊళ్లోనే కిలోమీటరుకు మూడు వందల ట్రక్కుల రాయిని మన కళ్ల ముందే పాతిపెట్టి, మళ్లీ కొండను పగలగొట్టి అప్పు తెచ్చిన డబ్బుతో కొంటున్నారు. ఆ డబ్బూ మనదే, ఆ కొండా మనదే, ఆ బోదే మనదే.

ఈసారి రోలర్ ఊళ్లోకి వచ్చినప్పుడు కొబ్బరికాయ కొట్టే ముందు ఒక్క మాట అడగండి: "పాత రోడ్డు ఏం చేస్తున్నారు?" జవాబు రాసి, సంతకం పెట్టించుకుని, సంఘం ఆఫీసుకు పంపండి. వచ్చిన జవాబులన్నీ ఊరి పేరుతో సహా ఈ పత్రికలోనే అచ్చువేస్తాం.